అన్నదానం చందా 1,40,000 రూపాయలు, మిగిలిన 363 రోజుల సంగతి: ప్రభుత్వాన్ని ఏమని అడగాలి?

ప్రశ్న: నల్లరేగడి (నారాయణపేట జిల్లా)

అందరికీ నమస్కారం. మా ఊరి యువజన సంఘం తొమ్మిదేళ్లుగా వినాయక నవరాత్రుల్లో ఒకరోజు, శ్రీరామనవమికి ఒకరోజు అన్నదానం చేస్తోంది. ఊళ్లో ఉన్నవాళ్లు, పుణేకు కూలిపనులకు వెళ్లినవాళ్లు, అమెరికాలో స్థిరపడిన ఇద్దరు ముగ్గురు కలిసి ఇచ్చిన చందా ఈసారి 1,40,000 రూపాయలు దాటింది. లెక్కలు చూసుకోవడానికి కూర్చున్న రోజున, ఇక్కడే పనిచేసి రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన వచ్చి, "రెండు రోజులు కడుపునిండా పెడుతున్నారు, సంతోషం, మిగిలిన 363 రోజులు ఈ ఊళ్లో ఎవరు ఏం తింటున్నారో ఎప్పుడైనా రాసుకున్నారా?" అని అడిగారు. మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

నోటుపుస్తకం పట్టుకుని వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాం. ప్రాథమిక పాఠశాలలో 62 మంది పిల్లలున్నారు. అక్కడ మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు అక్కలకు నాలుగు నెలలుగా బిల్లు రాలేదు, కిరాణా కొట్టులో వాళ్ల ఖాతా పెరుగుతూనే ఉంది. చాలామంది పిల్లలు పొద్దున ఏమీ తినకుండానే బడికి వస్తున్నారు, ఎందుకంటే తల్లులు ఏడు గంటలకే పత్తి చేనుకు వెళ్లిపోతారు. ఒంటరిగా ఉంటున్న ఒక అవ్వకు రేషన్ కార్డు ఉన్నా వేలిముద్రలు పడక రెండు నెలలు బియ్యం అందలేదు. కోడళ్లుగా వచ్చిన ఐదుగురి పేర్లు పుట్టింటి కార్డులో తీసేశారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కలేదు.

ఇప్పుడు సంఘంలో రెండు వాదాలు నడుస్తున్నాయి. ఉన్న డబ్బుతో మనమే అవ్వకు బియ్యం కొనిద్దాం, పిల్లలకు పొద్దున అటుకులో ఉప్మానో పెడదాం అని కొందరంటున్నారు. ఇది ప్రభుత్వం చేయవలసిన పని, బడ్జెట్ సమావేశాలకు ముందే వినతిపత్రం ఇద్దాం అని మరికొందరంటున్నారు. వినతిపత్రం అనగానే పెద్దవాళ్లు "రాజకీయం మనకెందుకు" అని వెనక్కి లాగుతున్నారు. అసలు ఇలాంటి విషయాల్లో ఎవరిని అడగాలి, ఏ అంకె పట్టుకుని అడగాలి? "ఆకలి లేని సమాజం కావాలి" అని రాసి ఇస్తే దండలు వేసి పంపిస్తారని నాకు తెలుసు.

జవాబు 1: తూకంరాయి

పౌరసరఫరాల శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి బియ్యం సంగతి వరకు చెబుతాను.

ముందుగా ఆ "రాజకీయం" అనే భయం తీసేయండి. 2001లో రాజస్థాన్‌లో కరువు వచ్చి, ఒకవైపు భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం మూలుగుతుండగా మరోవైపు జనం పస్తులుంటున్నప్పుడు, పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే బడిలో వండిన భోజనం, అంగన్‌వాడీ పోషకాహారం, నిరుపేదలకిచ్చే అంత్యోదయ బియ్యం వంటివి సర్కారు దయ అనే స్థితి నుంచి ప్రజల హక్కు అనే స్థితికి వచ్చాయి. ఆ ఉత్తర్వులు ఊళ్లలో అమలవుతున్నాయో లేదో చూడటానికి 2002లో కోర్టు నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఒకరు మన రాష్ట్రంలో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారే. తర్వాత 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. చట్టంలో ఉన్నదాన్ని అడగడానికి జెండా పట్టుకోనక్కర్లేదు.

అవ్వ విషయం బడ్జెట్ దాకా వెళ్లనవసరం లేదు, వెళ్లనివ్వకూడదు కూడా. వేలిముద్ర పడనప్పుడు కంటిపాపతో గానీ, ఆధార్‌కు జతచేసిన ఫోన్‌కు వచ్చే అంకెలతో గానీ ఇవ్వవచ్చు. యంత్రం ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో కార్డుదారును ఖాళీ చేతులతో పంపకూడదు. నా సర్వీసులో ఇలాంటి ముసలివాళ్లను ఎంతోమందిని చూశాను. కలుపు తీసి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్లు అవి, గాజుపలక మీద ఎన్నిసార్లు పెట్టినా గీత పడదు. డీలరు కావాలని చేస్తాడని ప్రతిసారీ అనుకోకండి, కానీ ఆయన "రేపు రా అవ్వా" అన్న రోజునే తేదీ రాసిపెట్టుకోండి. ఇవ్వవలసిన ధాన్యం ఇవ్వకపోతే ప్రభుత్వం ఆహార భద్రత భత్యం చెల్లించాలని అదే చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి జిల్లాకు ఒక అధికారి ఉండాలని 15వ సెక్షన్ చెబుతోంది. మన దగ్గర ఆ బాధ్యత అదనపు కలెక్టరుకు ఉంది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు తప్పక తీసుకోండి. అక్కడ తేలకపోతే పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు పుట్టనట్టే లెక్క.

కోడళ్ల పేర్ల సంగతి వేరు, అందులో ఒక పెద్ద విధానపరమైన చిక్కు దాగి ఉంది. ఎంతమందికి కేంద్రం ధాన్యం ఇస్తుందన్నది ఇప్పటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది: గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం, దేశం మొత్తం మీద సుమారు 81 కోట్ల మంది. ఆ తర్వాత పుట్టినవాళ్లు, పెళ్లై వచ్చినవాళ్లు ఆ గీతకు అవతల నిలబడి, ఎవరో ఒకరు చనిపోతే గానీ లోపలికి రాలేని పరిస్థితి కొన్ని రాష్ట్రాల్లో ఉంది. తెలంగాణకు ఆ గీత సుమారు 1.91 కోట్ల దగ్గర ఉంది. ఆ పైన ఉన్నవాళ్లకు రాష్ట్రమే సొంత ఖర్చుతో ఇస్తోంది. వలస కూలీల కేసులో 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఈ సంఖ్యను తిరిగి నిర్ణయించే పని చేపట్టాలని కేంద్రానికి చెప్పినా గీత కదలలేదు. కాబట్టి తహసీల్దారుకు ఇచ్చే కాగితంలో ఐదుగురి పేర్లు రాయండి. పార్లమెంటు సభ్యుడికి ఇచ్చే కాగితంలో మాత్రం జనగణన పూర్తయ్యేదాకా ఆగకుండా అంచనా జనాభాతో సంఖ్య పెంచాలని అడగండి. ఈ రెండింటినీ ఒకే కాగితంలో కలిపితే ఎవరూ చదవరు.

జవాబు 2: కట్టెలపొయ్యి

నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని, మధ్యాహ్న భోజనం రిజిస్టరు రాసేది నేనే. మీ ఊళ్లో 62 మంది అన్నారు, మా బడిలోనూ ఇంచుమించు అంతే, కాబట్టి లెక్క మీకు సరిపోతుంది.

ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం వస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు అన్నింటికీ కలిపి 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ పథకంలో రేటు 6 రూపాయల 78 పైసలు. అంతకుముందు 2022 అక్టోబరు నుంచి 2024 నవంబరు దాకా 5 రూపాయల 45 పైసల దగ్గరే ఉండిపోయింది. ఆ రెండేళ్లలో టమాటా కిలో 100 దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అందరూ వచ్చిన రోజున 62 మందికి 420 రూపాయలు. నిబంధన ప్రకారం తలకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పడాలి. మా అంగడి ధరల్లో కందిపప్పు కిలో 130 వేసుకుంటే కిలోంబావుకు 160 దాకా అవుతుంది, మూడు కిలోల కూరగాయలకు 120, నూనెకు 45 నుంచి 50. మిగిలిన 90 రూపాయల్లో చింతపండు, కారం, పసుపు, ఉప్పు, పోపుగింజలు, గ్యాసు లేదా కట్టెలు రావాలి. నలభై మందే వచ్చిన రోజున డబ్బు తగ్గుతుంది గానీ పొయ్యి కింద మంట తగ్గదు. గుడ్డు ఖర్చు మన రాష్ట్రంలో వేరుగా లెక్కిస్తారు, అది వేరే కథ.

ఈ లెక్క చూసి రేటు పెంచమని అడగాలనిపిస్తుంది, అడగవలసిందే. అయితే నా అనుభవంలో రేటు కంటే ఎక్కువగా కుంగదీసేది బిల్లు ఆలస్యం. 6.78 నాలుగు నెలల తర్వాత వస్తే అది 6.78 కాదు. మా బడిలో వంటచేసే అక్క కిరాణా కొట్టులో ఖాతా పెట్టి సరుకు తెస్తుంది. ఖాతా మీద ఇచ్చే పప్పు నగదు మీద ఇచ్చే పప్పు కాదని ఊరివాళ్లందరికీ తెలుసు. మొదటి నెల మంచి సరుకు వస్తుంది, రెండో నెల నూకపప్పు వస్తుంది, మూడో నెలకు చారు నీళ్లవుతుంది. పిల్లలు గిన్నెలోకి తొంగిచూసి పల్లెం వెనక్కి తీసుకుంటే, తనిఖీకి వచ్చినవాళ్లు మందలించేది ఆ అక్కనే. ఆమెకు వచ్చే గౌరవ వేతనం కేంద్ర నిబంధన ప్రకారం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. 2009లో పెట్టిన ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది. మన రాష్ట్రం తన వాటా కలిపి 3,000 ఇస్తోంది. పొద్దున తొమ్మిదికి వచ్చి మూడు గంటలకు గిన్నెలు బోర్లించి వెళ్లే మనిషికి అది ఏ కూలి కిందికి వస్తుందో మీరే చెప్పండి.

అందువల్ల ఎమ్మెల్యేకు ఇచ్చే కాగితంలో మొదటి కోరిక ఇలా ఉండాలని నా అభిప్రాయం: నెల మొదట్లోనే వంట ఏజెన్సీ ఖాతాలో కనీసం ఒక నెల సరుకు ఖర్చు ముందస్తుగా వేయాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, పెద్ద కేటాయింపూ అక్కర్లేదు, ఉన్న డబ్బు సకాలంలో విడుదల కావాలి, అంతే. రెండోది, కేంద్ర రేటు మీద రాష్ట్రం సొంతంగా కలపవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. మూడోది పొద్దుటి టిఫిను. తమిళనాడు 2022 సెప్టెంబరులో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టి మరుసటి ఏడాది ఆగస్టులో రాష్ట్రమంతటా విస్తరించింది. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు పదకొండు గంటలకు బల్ల మీద తల వాల్చేయడం నేను రోజూ చూస్తున్నాను, అందుకే మీ ఊరివాళ్లు అటుకులు పెడదామన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

జవాబు 3: మోట్లబావి రైతు

మీ అందరి సదుద్దేశాన్ని గౌరవిస్తూనే ఒక మాట. సర్కారు బియ్యం ఎంత మేరకు వండుకుని తింటున్నారు? దొడ్డు బియ్యం ఇచ్చినన్నాళ్లూ మా ఊళ్లో సగం ఇళ్ల నుంచి బియ్యం ఆటోలెక్కి, మిల్లుకు చేరి, మళ్లీ సర్కారు సంచిలోకి వచ్చేది. 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నాక అది తగ్గిందని ఒప్పుకుంటాను, ఎందుకంటే ఇప్పుడు మా ఇంట్లోనూ అదే అన్నం. అయినా ఇంకా ఇంకా డబ్బు పోయమని అడిగేముందు, అదే డబ్బు ఆడవాళ్ల ఖాతాలో వేస్తే వాళ్లకు కావలసింది వాళ్లే కొనుక్కుంటారు కదా? మధ్యలో డీలరు ఉండడు, మిల్లరు ఉండడు, వేలిముద్ర తిప్పలూ ఉండవు. నేను పన్ను కడతాను, యూరియా కోసం లైనులోనూ నిలబడతాను. అడిగే హక్కు నాకూ ఉందనుకుంటున్నాను.

జవాబు 4: పెసరచేను

రైతుగారి ప్రశ్న అడగదగినదే. నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను, నాకు తోచింది రాస్తాను.

నగదు బదిలీని కేంద్రం 2015లోనే చండీగఢ్, పుదుచ్చేరిల్లో మొదలుపెట్టింది. నగదుతో వచ్చే చిక్కు ఏమిటంటే, బియ్యం ధర పెరిగిన నెలలో ఖాతాలో పడే మొత్తం దానంతట అది పెరగదు. ఆరు కిలోలు మాత్రం ఏ నెలలోనైనా ఆరు కిలోలే. పైగా ధాన్యం కొనుగోలు ఆగితే మద్దతు ధర సంగతేమిటో రైతుగారే ముందుగా అడుగుతారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడూ ఖజానా దివాలా తీస్తుందన్నారు. పక్క ఊళ్లో కూలి ఎంతొస్తే అంతకు వెళ్లకుండా, నాలుగు రోజులు ఆగి బేరమాడే ధైర్యం ఆ బియ్యం వల్లే వచ్చిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అయితే ఆయన మాటలో నేను ఒప్పుకునే భాగం ఒకటుంది: డబ్బంతా ఒకే చోటికి పోతోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఆహార సబ్సిడీకి సుమారు 2.03 లక్షల కోట్ల రూపాయలు పెట్టారు. అదే బడ్జెట్‌లో అంగన్‌వాడీ, పోషణ పథకానికి 21,960 కోట్లు, బడి భోజనానికి 12,500 కోట్లు. బియ్యం తగ్గించి అటు ఇవ్వమని నేననను. కానీ కొత్తగా వచ్చే ప్రతి రూపాయి ముందు పిల్లల పల్లెంలోకి వెళ్లాలని అంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 33.1 శాతం, అంతకుముందు సర్వేలో 28 శాతమే. రక్తహీనత ఉన్న పిల్లలు 60.7 నుంచి 70 శాతానికి పెరిగారు. ఇళ్లలో బియ్యం ఉండగానే ఇది జరిగింది. అన్నం ఉంది, అన్నంలో కలుపుకునేది లేదు.

అంగన్‌వాడీలో పిల్లవాడికి రోజుకు 8 రూపాయలు, గర్భిణికి 9 రూపాయల 50 పైసలు అన్న కేంద్ర రేట్లు 2017లో నిర్ణయించినవి. అప్పటి పాల ధర, ఇప్పటి పాల ధర పక్కపక్కన రాస్తే వినతిపత్రం సగం పూర్తయినట్టే. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనానికి, పాలకు, గుడ్డుకు రాష్ట్రం ఎంత కలుపుతోందో, ఎన్ని నెలలు ఆలస్యమవుతోందో మీ అంగన్‌వాడీ టీచరును అడిగి రాసుకోండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ గట్టిగా అడగడం లేదు. ఆహార భద్రత చట్టం 4వ సెక్షన్ ప్రతి గర్భిణికి 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ప్రసూతి సాయం ఇవ్వాలంటోంది. 2017లో వచ్చిన మాతృవందన యోజన మొదటి కాన్పుకు 5,000 ఇస్తోంది. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే సాయం. చట్టం ఒకటి, పథకం ఒకటి. పార్లమెంటు సభ్యుడి కాగితంలో ఈ వాక్యం ఒక్కటి ఉన్నా చాలు, దానికి సభలో ప్రశ్న వేయవచ్చు, మంత్రి జవాబు చెప్పవలసి వస్తుంది.

జవాబు 5: డాలస్ గోదారి

మీ చందాలో ఉన్న అమెరికావాళ్లలాంటివాణ్ణే, వేరే ఊరికి పంపుతుంటాను. శనివారాలు ఇక్కడి ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దుతాను. మాకు అక్కడ చెప్పే మొదటి లెక్క ఇది: దేశంలోని ఫుడ్ బ్యాంకులన్నీ కలిసి ఒక పూట తిండి పెడితే, ఆహార సాయం కింద ప్రభుత్వం కార్డులో వేసే డబ్బు తొమ్మిది పూటలు పెడుతుంది. 2025 అక్టోబరులో ఇక్కడి ప్రభుత్వం మూతపడి, నవంబరులో సుమారు 4.2 కోట్ల మందికి రావలసిన ఆ సాయం ఆగినప్పుడు ఆ లెక్క కళ్లారా చూశాను. పొద్దున ఆరింటికే కార్ల వరుస మలుపు దాటి రోడ్డెక్కింది. మధ్యాహ్నానికి మా దగ్గర వేరుశనగ ముద్ద డబ్బాలు, బీన్సు డబ్బాలు మాత్రమే మిగిలాయి. పిల్లల్ని వెనక సీట్లో పెట్టుకుని వచ్చినవాళ్లకు పాలు లేవని చెప్పవలసి వచ్చింది. మేమెంత చేసినా ఆ తొమ్మిది పూటల చోటు నింపలేకపోయాం. ఇక్కడి ఆలయంలో అన్నదానానికి వచ్చే విరాళాలు చూసి గర్వపడేవాణ్ణి, ఆ నెలలో కొంచెం తగ్గాను.

ఇంకో చిన్న హెచ్చరిక. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు మీ సంఘానికి నేరుగా డబ్బు పంపితే విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి పంపితే ఆ చిక్కు లేదు. రేపు ఎవరికైనా మీ వినతిపత్రం నచ్చకపోతే ముందు వెదికేది మీ సంఘం లెక్కల పుస్తకమే.

తిరిగి నల్లరేగడి

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం ప్రజావాణికి వెళ్లాం. అవ్వను కూడా తీసుకువెళ్లాం, ఆమె తన పేరున్న రసీదును చీర కొంగున ముడివేసుకుని వచ్చింది. శుక్రవారం నాడు కంటిపాప యంత్రంతో ఈ నెల బియ్యం ఇచ్చారు. పోయిన రెండు నెలల భత్యం కోసం వేసిన అర్జీ ఇంకా బల్ల మీదే ఉంది. కోడళ్ల కాగితం తహసీల్దారు దగ్గర ఇచ్చాం.

ఎమ్మెల్యేకు ఇచ్చే కాగితంలో టీచరమ్మ చెప్పినట్టు ముందస్తు నిధులనే మొదటి కోరికగా పెట్టాం, రెండోది టిఫిను, మూడోది అంగన్‌వాడీ రేటు. దానికి జతగా కిరాణా ఖాతాపుస్తకం నాలుగు పేజీలు జిరాక్సు తీసి పెట్టాం. కొట్టు యజమాని తన పేరు కనబడకూడదన్నాడు, ఆ భాగం మీద తెల్లకాగితం అంటించాం.

ఒక్క విషయంలో ఇంకా తేలలేదు. వంట అక్కల బాకీ 38,000 ఉంది. చందా డబ్బులోంచి కట్టేద్దామా అని సంఘంలో అడుగుతున్నారు.

తూకంరాయి: కట్టకండి. ఒకసారి మీరు కడితే, వచ్చే ఏడు బిల్లు ఆగినప్పుడు "సంఘం వాళ్లున్నారుగా" అంటారు. ఆ ఖాతాపుస్తకమే మీ చేతిలో ఉన్న ఆధారం, బాకీ తీరిపోతే అది చిత్తుకాగితం అవుతుంది.

కట్టెలపొయ్యి: సారు చెప్పింది కాగితం మీద సరైనదే. కానీ ఆ ఇద్దరిలో ఒకరు చెవికమ్మలు తాకట్టు పెట్టి ఉంటారు, అడిగి చూడండి. చేబదులుగా ఇచ్చి, వాళ్లతో సంతకం పెట్టించుకుని, బిల్లు వచ్చిన రోజున వెనక్కి తీసుకోండి. ఆ సంతకం కాగితాన్ని కూడా వినతిపత్రానికి జతచేయండి. ప్రభుత్వం ఇవ్వవలసిన డబ్బును ఊరు అప్పుగా ఇచ్చిందని అందులో తేదీతో సహా ఉంటుంది.

నల్లరేగడి: అడిగాం. కమ్మలు కాదు, వెండి కడియాలు. రేపు సాయంత్రం సంఘం కూర్చుంటోంది, చేబదులు తీర్మానం ముందుగా రాసుకుంటున్నాను.